మీ బాల్కనీకి ఎండ ఏ నెలలో వస్తుంది?

(విజయనగరంలో మిద్దెతోటలు, కుండీల్లో పూలమొక్కలు పెంచేవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు రాసి, చివర సభికుల ప్రశ్నలు కొన్ని జతచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు అక్కర్లేదనుకుంటాను. క్లాసురూముల్లో అరిచి అరిచి ఈ గొంతుకి అలవాటే.

బాల్కనీల్లో, ఇంటిముందు గచ్చు మీద పెంచుకునే పూలతీగల గురించి చెప్పమన్నారు. సరే అన్నాను గానీ, మీలో సగం మంది ఫోన్లో ఒక ఫొటో ఉంటుందని నాకు తెలుసు. తెల్లగోడ, దాని నిండా ఊదారంగు గుత్తులు బారుగా వేలాడుతుంటాయి. అదే కదూ? (నవ్వులు) దాని పేరు విస్టీరియా. ముందు దాని సంగతి తేల్చేద్దాం. అది చలిదేశాల మొక్క. ఆకులన్నీ రాల్చుకుని, వారాల తరబడి గట్టి చలిలో ఉంటే తప్ప మొగ్గ వెయ్యదు. మన ఊళ్లో డిసెంబరు, జనవరి చలి దానికి ఏ మూలకీ చాలదు. ఆన్‌లైన్‌లో గింజలు అమ్ముతారు, కొన్ని మొలుస్తాయి కూడా. ఆకులు వస్తాయి. మీరు రోజూ నీళ్లు పోస్తూ ఉంటారు. అంతే. క్లెమాటిస్ కూడా ఆ బాపతే, వేళ్లు చల్లగా ఉంటేగాని బతకదు. ఆ రెండు ఫొటోలూ డిలీట్ చేసేయండి.

మనకి పనికొచ్చే తీగలు బోలెడున్నాయి. చిక్కల్లా మనం ఎంచుకునే పద్ధతిలో ఉంది. నర్సరీకి వెళ్తాం, పువ్వు చూస్తాం, కొంటాం. గులాబీకో చామంతికో అది చెల్లుతుంది. నచ్చకపోతే కుండీ అటు జరుపుతాం, ఇటు జరుపుతాం. తీగ ఒకసారి గ్రిల్ పట్టుకుందంటే ఇక జరగదు. దాన్ని పెట్టిన చోటే దానికి అన్నీ దొరకాలి. అందుకని కొనే ముందే ఒక ప్రశ్న వేసుకోమంటాను. ఎండ ఎన్ని గంటలు వస్తుందని అందరూ చూస్తారు. ఏ నెలల్లో వస్తుందో చూసేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

ఎందుకో చెప్తాను. కాస్త లెక్కల క్లాసులా ఉంటుంది, ఓపిక పట్టండి. విజయనగరం భూమధ్యరేఖకి 18 డిగ్రీలు ఉత్తరాన ఉంది. శ్రీకాకుళం కూడా ఇంచుమించు అంతే, ఇంకాస్త పైన. దీనివల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తి మీదకి వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖర్లో ఇంకోసారి. ఆ మధ్య రెండున్నర నెలలూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణంగా ఉంటాడు.

ఇప్పుడు దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. జూన్‌లో మీ బాల్కనీలో ఎండ ఉంటుందా? ఉండదు. పై అంతస్తు శ్లాబు నీడ మొత్తం కప్పేస్తుంది. "మాది ఎండ రాని బాల్కనీ" అని మీరు డిసైడ్ అయిపోయి నీడమొక్కలు కొంటారు. అదే బాల్కనీని డిసెంబరులో చూడండి. మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. పైకప్పు అంచు నేలకి 8 అడుగుల ఎత్తులో ఉంటే, ఎండ 7 అడుగులు లోపలికి వస్తుంది. గ్రిల్ దాటి, కుండీలు దాటి, గుమ్మం దాకా వచ్చేస్తుంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అదే వరస. అంటే మీది చలికాలపు ఎండ ఉన్న బాల్కనీ. మరి చలికాలంలో పూసే తీగ ఏది?

కాగితాల పువ్వు. బోగన్‌విల్లియా. పగటిపొద్దు తగ్గి, వానలు వెనకబట్టి, కుండీలో మట్టి పొడిబారడం మొదలైతే అది విరగబూస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా దాని రాజ్యమే. మీ బాల్కనీకి ఎండ వచ్చేదీ అప్పుడే. లెక్క కుదిరింది కదా? వానాకాలంలో పువ్వు లేదని కంగారుపడి గత్తం మీద గత్తం వేసేవాళ్లున్నారు. అప్పుడు ఆకులు ఏపుగా వస్తాయి, ముళ్లు కూడా, పువ్వు మాత్రం రాదు. దాన్ని కాస్త ఆకలితో, కాస్త దాహంతో ఉంచాలి. కుండీ చిన్నదైనా ఫరవాలేదు, వేళ్లు ఇరుకైతేనే దానికి పూత. ఆకు కొంచెం వాలిందని చూశాకే నీళ్లు పొయ్యండి.

ఇదిగో, ఒక కొమ్మ తెచ్చాను. ఒకరి నుంచి ఒకరికి అందించి దగ్గరగా చూడండి. ముళ్లు జాగ్రత్త. మనం పువ్వు అనుకునే ఈ మూడు రంగు కాగితాలూ నిజానికి రంగు మారిన ఆకులు. వాటిమీద ఈనెలు కూడా కనిపిస్తాయి చూడండి. ఒక్కో కాగితం నడి ఈనెకి అతుక్కుని సన్నటి గొట్టం ఉంది, దాని కొసన తెల్లగా, చిన్నగా విచ్చుకుని ఉంది. అదీ అసలు పువ్వు. ఆ తెల్లది రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. కాగితాలు మాత్రం వారాల తరబడి నిలుస్తాయి. 1760ల్లో బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడి యాత్రలో కామెర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త బ్రెజిల్లో దీన్ని చూసి, ఆ నావికుడి పేరు పెట్టాడు. అక్కణ్నుంచి బయల్దేరిన మొక్క ఇప్పుడు మన నేషనల్ హైవే డివైడర్ మీద ఉంది. డివైడర్ మీద ఎవరూ రోజూ నీళ్లు పొయ్యరు, ఎరువు వెయ్యరు. అయినా ఎలా పూస్తుందో చూశారుగా.

రకాల్లోకి వస్తే, బాల్కనీకి నేనిచ్చే మొదటి ఓటు టార్చ్ గ్లోకి. పువ్వులన్నీ కొమ్మ చివర గుత్తుగా వస్తాయి, ముళ్లు దాదాపు ఉండవు, పెద్దగా విస్తరించదు. పిల్లలున్న ఇంటికి ఇదే మంచిది. తర్వాత తిమ్మ. ఆకుల మీద పసుపు, తెలుపు మచ్చలుంటాయి, ఒకే మొక్కకి తెలుపూ గులాబీ రెండూ పూస్తాయి. మచ్చల ఆకు రకాలు మెల్లగా పెరుగుతాయి. పొలంలో అయితే అది లోపం, బాల్కనీలో అదే గుణం. మేరీ పామర్ కూడా రెండు రంగులదే, కానీ ఆకు మామూలు పచ్చ, ఊపు ఎక్కువ. అది గచ్చు పక్కన నేలలో వేసుకోండి. మహారా అని ముద్దగా పూసేది ఉంది. ఫొటోలో బ్రహ్మాండం. దాని ఎండిన పూలు రాలవు, గోధుమరంగులో కొమ్మనే పట్టుకుని వేలాడతాయి. కత్తెర పట్టుకుని కూర్చునే ఓపిక ఉంటే కొనుక్కోండి.

తూర్పు బాల్కనీ వాళ్లు అదృష్టవంతులు. ఏడాది పొడుగునా పొద్దుటెండ, పదకొండు దాటాక నీడ. మీకు మల్లె, సన్నజాజి, శంఖుపువ్వు, వెల్లుల్లితీగ, కృష్ణకమలం అన్నీ కుదురుతాయి. అందుకే మీకు ఎక్కువ చెప్పను. (నవ్వులు) రెండు ముక్కలు మాత్రం చెప్తాను. మల్లెకి పూత మార్చి నుంచి మొదలవ్వాలంటే చలికాలంలోనే గట్టిగా కత్తిరించి, పాత ఆకు దులిపి, ఓ పది పదిహేను రోజులు నీళ్లు తగ్గించాలి. జాలి పడితే ఆకులే మిగులుతాయి. సన్నజాజి కాలం వేరు. అది వానల్లో పూస్తుంది, సాయంత్రం విచ్చుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మార్చి నుంచి దసరా దాకా సువాసన ఆగదు.

వెల్లుల్లితీగ గురించి మన వాళ్లకి తక్కువ తెలుసు. ఆకు నలిపితే అచ్చం వెల్లుల్లి వాసన. పువ్వుకి ఆ వాసన రాదు, భయపడకండి. విచ్చుకున్న రోజు ముదురు ఊదా, తర్వాత లేత ఊదా, చివరికి తెలుపుకి దగ్గరగా వస్తుంది. అందుకని ఒకే తీగ మీద మూడు ఛాయలుంటాయి. వానలు తగ్గాక ఒకసారి ఒళ్లంతా పూస్తుంది, ఏడాదిలో ఇంకో విడతో రెండు విడతలో. మూడు నాలుగు గంటల ఎండ చాలు. పురుగు పెద్దగా ముట్టదు. అపార్ట్‌మెంట్‌లో ఒక్కటే తీగ పెట్టుకోగలం, పేరు చెప్పండి అంటే నేను దీని పేరే చెప్తాను.

పడమర బాల్కనీ మొండి ఘటం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకేదాకా ఎండ నేరుగా కొడుతుంది. గోడ కాలిపోతుంది, ఇనుప గ్రిల్ చెయ్యి పెట్టనివ్వదు. లేత తీగ ఆ గ్రిల్‌కి తగిలితే కొసలు మాడిపోతాయి. గ్రిల్‌కి నాలుగు అంగుళాలు లోపలగా నైలాన్ వల కట్టి దానిమీదకి పాకించండి. ఇక్కడ బోగన్‌విల్లియా నిలుస్తుంది. అల్లమండ పసుపు గంటలూ బాగుంటాయి, కానీ దానికి నీళ్లు బాగా కావాలి. దాని పాలు విషం. పసిపిల్లలు, పెంపుడు కుక్కలు ఉంటే వద్దు. మండెవిల్లా కూడా కుండీలో ముచ్చటగా ఉంటుంది, దాని పాలూ అంతే.

ఉత్తరం బాల్కనీ మీద అందరికీ చిన్నచూపు. మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 దాకా అక్కడా పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు వాలుగా ఎండ పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు చుక్క ఎండ ఉండదు. అలాంటప్పుడు ఆ ఆరు నెలల్లోనే బతుకు వెళ్లదీసుకునే తీగలు వేసుకోండి. శంఖుపువ్వు గింజలు రాత్రంతా నానబెట్టి, తొలకరి పడగానే నాటితే దాదాపు రెండు నెలల్లో పూస్తుంది. నీలం, తెలుపు, ముద్ద, లేత ఊదా అన్నీ దొరుకుతున్నాయి. కాయలు గిల్లేస్తూ ఉంటే పూత ఆగదు. గింజకి ఒకటి రెండు కాయలు వదిలితే చాలు. కాశీరత్నం కూడా అలాగే, సన్నటి ఆకు, ఎర్రటి చిన్న పువ్వు, సీతాకోకచిలుకలు వస్తాయి. గింజలు దానంతటదే రాల్చుకుంటుంది, మళ్లీ కొననక్కర్లేదు. ఎండ ఎక్కువ ఉన్నచోట పూసినంతగా పూయవు, అది నిజమే, కానీ పూస్తాయి.

ఏడాదంతా ఉండాలంటే ఉత్తరానికి హోయా, క్లెరోడెండ్రం. క్లెరోడెండ్రంలో తెల్లటి సంచిలోంచి ఎర్రటి పువ్వు తొంగిచూసే రకం అడగండి. థామ్సోనే అంటారు. హోయా ఆకు మందంగా ఉంటుంది, పువ్వు మైనంతో చేసినట్టుంటుంది. చిన్న కుండీ చాలు. ఒక్క జాగ్రత్త. పూలు రాలిపోయాక మిగిలే ఆ చిన్న మొండి కాడని ఎండిపోయిందనుకుని తుంచేస్తారు. తుంచకండి. మళ్లీ పూత అదే కాడ మీద వస్తుంది.

ఇక తీగ ఎలా పాకుతుందో చూడాలి. కొన్ని చుట్టుకుంటాయి. శంఖు, కాశీరత్నం అలాంటివి. వేలి లావు లోపు ఊచ దేనికైనా చుట్టేసుకుంటాయి, లావు స్తంభం అయితే జారిపోతాయి. కొన్నింటికి నులితీగలుంటాయి. కృష్ణకమలం, వెల్లుల్లితీగ. ఇవి సన్నటి తీగనో వలనో పట్టుకుంటాయి. పాత చేపల వల దొరికితే సుబ్బరంగా సరిపోతుంది, కాకపోతే కన్ను పెద్దదిగా ఉండేది చూసుకోండి, లేకపోతే పిట్టలు చిక్కుకుంటాయి. ఇంకొన్ని ఉన్నాయి, పాకడం చేతకానివి. మల్లె, బోగన్‌విల్లియా, అల్లమండ. ఇవి ఊరికే వాలతాయి. మనమే కట్టాలి. ప్లాస్టిక్ ట్యాగులు బిగించకండి, కాండం లావెక్కాక కోసుకుపోతుంది. పాత చీర అంచు చించి వదులుగా కట్టండి. గోడకే అతుక్కుని పోయే తీగలు అద్దె ఇంట్లో వద్దు. ఖాళీ చేసేటప్పుడు పెయింట్ డబ్బులు అడుగుతారు.

ఇప్పుడు రాధామనోహరం. దీనికోసం కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు, ముఖాల్లో తెలుస్తోంది. నాకూ ఇష్టమే. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, రెండో రోజుకి గులాబీ, మూడో రోజుకి ఎరుపు. రాత్రిపూట తెల్లగా ఉన్నప్పుడు వాసన పట్టుకుని పొడుగు తొండం ఉన్న రెక్కల పురుగులు వస్తాయి. పగలు రంగు చూసి తేనెటీగలు, పిట్టలు వస్తాయి. పూత కాలంలో గుత్తిలో మూడు రంగులూ ఒకేసారి ఉంటాయి. ఇంతకంటే అందం ఏం కావాలి? కానీ ఈ ముదురు కొమ్మ ఒకసారి తడిమి చూడండి. అక్కడక్కడా మొనదేలిన మొండి ముక్కలు తగులుతున్నాయా? అవి ముళ్లు కావు. ఆకు రాలిపోయాక ఆకు కాడ అడుగుభాగం కొమ్మమీద ఉండిపోయి, గట్టిపడి, కొక్కెం అవుతుంది. దాంతోనే పక్కచెట్టు మీదకి, డాబా మీదకి, కరెంటు తీగల మీదకి ఎక్కేస్తుంది. అడవిలో పెద్దచెట్ల నెత్తికెక్కే జాతి అది. నాలుగు అడుగుల వెడల్పు బాల్కనీలో దాన్ని పెట్టి, ఆరు నెలలకోసారి కొట్టేస్తూ కూర్చోవడం మీకూ దానికీ ఇద్దరికీ టెన్షనే. పైగా వేళ్లనుంచి పిలకలు వేస్తుంది.

బాల్కనీకి కావాల్సిందే అంటే పొట్టి రకం అడగండి. గుబురుగా పెరుగుతుంది, పాకడం తక్కువ. అసలు రకాన్ని గేటు మీద, పోర్టికో మీద, ఇంటిముందు గచ్చు అంచున నేలలో వేసుకోండి. గచ్చు ఉన్నవాళ్లకి బరువైన తీగల భయం లేదు. జనవరి, ఫిబ్రవరిలో నారింజ రంగు గొట్టాల పూలతో పందిరంతా కప్పేసే పైరోస్టీజియా ఉంది. ఫిబ్రవరి, మార్చిలో ఊదాగా పూసే పెట్రియా ఉంది, ఆకు ముట్టుకుంటే గరుకు కాగితమే. మెల్లగా పెరుగుతుంది, మొదటి రెండేళ్లు తిట్టుకుంటారు. గులాబీరంగు కోరల్ వైన్ మాత్రం ఆలోచించి వేయండి. దానికి నేలలో దుంపలుంటాయి. ఒకసారి దిగిందంటే మీరు ఇల్లు అమ్మినా అది పోదు. తేనెటీగలు కూడా ఎక్కువ వస్తాయి.

మైసూరు థన్‌బెర్జియా అని, పసుపు ఎరుపు పూలు జడలుగా వేలాడేది చాలామంది అడుగుతున్నారు. పడమటి కనుమల మొక్క. చల్లదనం, తేమ కావాలి. అరకు వైపు ఇల్లుంటే వేసుకోండి. మన మే నెలకి అది తట్టుకోవడం కష్టం.

బరువు మాట. 18 అంగుళాల కుండీలో మామూలు మట్టి నింపి నీళ్లు పోస్తే 80 కిలోల దాకా తూగుతుంది. ఐఎస్ 875 అనే మన ప్రమాణం ప్రకారం ఇళ్ల బాల్కనీలని చదరపు మీటరుకి సుమారు 300 కిలోల బరువు మొయ్యగలిగేలా డిజైన్ చెయ్యాలి. అందులోనే మనుషులు, వాషింగ్ మెషిన్, కుర్చీలు అన్నీ. పాత బిల్డింగుల్లో ఏ లెక్కన కట్టారో మేస్త్రీకే తెలియాలి. అందుకని బరువు కుండీలు గ్రిల్ అంచున వరసగా పెట్టకండి. బాల్కనీ గోడలోంచి బయటకి పొడుచుకొచ్చిన శ్లాబు కదా, అంచున ఉన్న బరువు దాన్ని ఎక్కువ లాగుతుంది. ఇంటిగోడ వైపు మూలలో పెట్టి, అక్కణ్నుంచి జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) మీదుగా మొక్కని గ్రిల్‌కి పంపండి. సన్‌షేడ్ మీద కుండీ అసలే వద్దు. మట్టిలో సగం కొబ్బరిపొట్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉండగా మనకి కొబ్బరిపొట్టుకి కొరతేమిటి? కాకపోతే బాగా కడిగి వాడండి, ఉప్పుంటుంది.

ఉప్పంటే గాలి గుర్తొచ్చింది. సముద్రం మనకి ఎంతో దూరం లేదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు ఇళ్లున్నవాళ్లకి ఉప్పుగాలి రోజూ ఉండేదే. అక్కడ బోగన్‌విల్లియా తట్టుకుంటుంది. లేత ఆకు తీగలు అంచులు మాడతాయి. గాలి గట్టిగా వీచిన మర్నాడు మంచినీళ్లతో ఆకులు కడిగెయ్యండి.

అసలు భయం అక్టోబరు. ఈ తుపాన్ల తేదీలు చూడండి. ఫైలిన్, 2013 అక్టోబరు 12. హుద్‌హుద్, 2014 అక్టోబరు 12. తిత్లీ, 2018 అక్టోబరు 11. హుద్‌హుద్ మన ఊరి చెట్లని ఏం చేసిందో, తిత్లీ ఉద్దానం కొబ్బరిని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి మీ గ్రిల్ నిండా వానల్లో పెరిగిన తీగ ఒత్తుగా ఉంటే, గాలికి అది తెరచాప. వలతో పాటు మేకులూ, ఒక్కోసారి గ్రిల్ కూడా ఊడి వస్తాయి. కింద ఎవరుంటారో తెలియదు. అందుకని సెప్టెంబరు ఆఖర్లో, దసరా పనులు మొదలుపెట్టక ముందే, తీగని పల్చగా కత్తిరించెయ్యండి. పైడితల్లి జాతరలో సిరిమాను చూడటానికి చుట్టాలు వచ్చేసరికి బాల్కనీ బోసిగా ఉంటుందని కొందరు ఒప్పుకోరు. చుట్టాలకి చెప్పుకోవచ్చు. పైగా ఇందులో లాభం కూడా ఉంది. బోగన్‌విల్లియా పూసేది కొత్త చిగురు మీద. సెప్టెంబరులో కత్తిరిస్తే ఆ చిగురు నవంబరుకి పూతకి వస్తుంది.

కొనేటప్పుడు రెండు మాటలు. తీగ మొక్కని అది పూసే కాలంలో, పువ్వు కళ్లతో చూసి కొనండి. రంగు చీటీని నమ్మకండి. అంటు కట్టిందో, కొమ్మతో పెంచిందో అడగండి. గింజ మొక్కయితే ఏడాది తీగలు తప్ప మిగతావి పూతకి ఏళ్లు పడతాయి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలకి వేళ్ల చుట్టూ బంకమన్ను ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో దించితే చుట్టూ పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. ఒక బకెట్ నీళ్లలో కాసేపు ఉంచి, పైమన్ను మెల్లగా కరిగాక నాటండి. నాటడానికి జూన్, జులై మంచివి.

ఎరువుల గురించి అరగంట చెప్పొచ్చు, చెప్పను. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, మొగ్గ వేసే ముందు కాస్త వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పల్చగా చేసి. అంతే. పిండినల్లి వస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్లు, సాయంత్రం పూట కొట్టండి. కృష్ణకమలం మీద గొంగళిపురుగులు కనిపిస్తే మాత్రం కొట్టకండి. ఎక్కువగా అవి నారింజరంగు సీతాకోకచిలుక పిల్లలు. ఆకులు తింటాయి, తీగ మళ్లీ చిగురిస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ఒక గృహిణి: మేడమ్, మా అపార్ట్‌మెంట్‌లో కింద అంతస్తు వాళ్లతో గొడవ. మా తీగ పూలు రాలి వాళ్ల బట్టల మీద పడుతున్నాయట. మరక కూడా అవుతోందంటున్నారు.

ఏ తీగమ్మా? అల్లమండా? అయితే వాళ్లదే న్యాయం. (నవ్వులు) పెద్ద పువ్వు, వాడి ముద్దగా రాలుతుంది. దాన్ని లోపలి గోడ వైపుకి మార్చెయ్యండి. గ్రిల్ మీదకి రాలుడు తక్కువున్న తీగ పెట్టండి. క్లెరోడెండ్రం పూలు చాలారోజులు మొక్కనే ఉంటాయి. పూలు లేకపోయినా ఫరవాలేదనుకుంటే కర్టెన్ క్రీపర్ ఉంది, పచ్చటి పర్దాలా వేలాడుతుంది. నీళ్లు పోసేటప్పుడు కుండీ కింద పళ్లెం కూడా పెట్టండి, ఆ గొడవ కూడా తప్పుతుంది. పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, దోమలు.

ఒక పెద్దాయన: దక్షిణం బాల్కనీకి బోగన్‌విల్లియా అన్నారు. మాది దక్షిణమే గానీ ఎదురుగా అయిదంతస్తుల బిల్డింగు లేచింది. ఇప్పుడేటి చెయ్యాలి?

డిసెంబరులో ఒక రోజు పొద్దున్న తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి మీ గ్రిల్ మీద ఎండ ఉందో లేదో చూడండి మాస్టారూ. మూడింట్లో రెండుసార్లు ఉంటే ధైర్యంగా వేసుకోండి. ఒక్కసారే ఉంటే వెల్లుల్లితీగ. ఒక్కసారీ లేకపోతే మీది ఉత్తరం బాల్కనీ కిందే లెక్క, హోయా పెట్టుకోండి.

ఒక యువకుడు: కింద గచ్చు పక్కన నేలలో నాటి, తీగని రెండో అంతస్తు బాల్కనీ దాకా ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చు. వేళ్లు నేలలో ఉంటే నీళ్ల బెంగ తక్కువ, బాల్కనీ మీద కుండీ బరువే ఉండదు. గోడకి రెండు మూడు అంగుళాలు ఎడంగా, నిలువునా గట్టి జీఐ తీగ లాగండి, గాలి ఆడాలి, గోడ చెమ్మగిల్లకూడదు. పైరోస్టీజియా గానీ రాధామనోహరం గానీ సరిపోతుంది. అయితే కింద భాగం మోడుగానే ఉంటుంది, పువ్వంతా పైన ఎండలోనే. అంటే నీళ్లు పోసేది కింద ఇంటివాళ్లు, పూలు చూసేది మీరు. ముందు వాళ్లని అడగండి.

సరే, టైమైంది. బయట బల్ల మీద కొమ్మలు, శంఖు గింజలు పెట్టాను, తీసుకోండి. వెల్లుల్లితీగ కొమ్మలు తక్కువున్నాయి, ఇంటికి ఒకటే. రాధామనోహరం కావాల్సినవాళ్లు మీ ఇంటిముందు నేల ఉందని నాకు ముందు చెప్పాలి, అప్పుడే ఇస్తాను.